పొత్తు నిలబెట్టేవాళ్లు



ఎవరి స్మృతిలో ఈ సాయంత్రం మనం కలుసుకున్నామో ఆ ఆచార్యుల వారు పరికరాలు కొనడం కన్నా మనుషులను కలపడం కష్టమని నమ్మినవారు. అందుకే శాస్త్ర చరిత్రల్లో పెద్దగా కనిపించని ఒక పదవి గురించి మాట్లాడతాను. జీవి జన్యు సమాచారమంతటినీ, అంటే జీనోమ్‌ను, చదివే విశ్వవిద్యాలయ కేంద్రాల్లో ఉమ్మడి పరిశోధనలను నడిపించే బాధ్యత అది. ఏ భాగం ఎవరు చేయాలి, నమూనాలు ఏ షరతు మీద రావాలి, డేటా ఎప్పుడు ఎవరికి అందాలి, వ్యాసం మీద ఎవరి పేర్లు ఉండాలి అన్నవి తేల్చే పని. చెరువు కింద వంతుల ప్రకారం నీళ్లు వదిలే నీరటికాడి లాంటి కొలువు ఇది. నీళ్లు తనవి కావు, పంట తనది కాదు, తగవు మాత్రం తనే తీర్చాలి.

ఈ చరిత్ర మిల్లీమీటరు పొడవున్న ఒక పురుగుతో మొదలైంది. దాని పేరు సీ. ఎలిగాన్స్. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జాన్ సల్‌స్టన్, అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ వాటర్‌స్టన్ దాని జీనోమ్‌ను పంచుకుని చదవడం మొదలుపెట్టారు. 1998 డిసెంబరులో సుమారు 9.7 కోట్ల డీఎన్‌ఏ అక్షరాల ఆ జీనోమ్ ప్రచురితమైంది. బహుకణ జీవుల్లో పూర్తిగా చదివిన మొదటి జీనోమ్ అదే. అంతకన్నా ముఖ్యమైనది వాళ్లు పాటించిన పద్ధతి. వ్యాసం అచ్చయ్యేదాకా ఆగకుండా, చదివింది చదివినట్టు తోటి పరిశోధకులకు ఇచ్చేశారు. సముద్రానికి అటూ ఇటూ ఉన్న రెండు ప్రయోగశాలలు ఒకదాన్నొకటి అనుమానించకుండా పనిచేయగలవని అలా రుజువైంది.

మానవ జీనోమ్ ప్రాజెక్టు 1990 అక్టోబరులో లాంఛనంగా మొదలైంది. 15 ఏళ్లు పడుతుందని, 300 కోట్ల డాలర్లు అవుతుందని అంచనా. పని చాలా కేంద్రాలకు పంచక తప్పలేదు. పంచాక సందేహాలు పుట్టాయి: ఒకే క్రోమోజోము ముక్కను ఇద్దరు చదివితే? చదివింది దాచుకుంటే? పేటెంటు తీసుకుంటే? 1996 ఫిబ్రవరిలో బెర్ముడా దీవిలో జరిగిన సమావేశం వీటికి జవాబు వెతికింది. వెయ్యి అక్షరాలు దాటిన ప్రతి ముక్కనూ 24 గంటల్లో అందరికీ అందుబాటులో పెట్టాలని, ఎవరు ఏ భాగం చేస్తున్నారో ముందే ప్రకటించాలని ఒప్పుకున్నారు. ఇది ఉదారంగా కనిపించే నియమం, కానీ దానికి మూల్యం ఉంది. తన శ్రమఫలంతో మరొకరు ముందుగా వ్యాసం రాసుకునే అవకాశాన్ని ప్రతి శాస్త్రవేత్తా తెలిసి తెలిసీ ఒప్పుకోవాలి.

1998లో సెలెరా అనే ప్రైవేటు సంస్థ తానే ముందు పూర్తి చేస్తానంది. దాంతో ప్రభుత్వ ప్రాజెక్టు పట్టు బిగించింది. ఐదు పెద్ద కేంద్రాల మీద ప్రధాన భారం పడింది: వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, బేలర్ వైద్య కళాశాల, ఎంఐటీకి అనుబంధమైన వైట్‌హెడ్ సంస్థ, అమెరికా ఇంధన శాఖ కేంద్రం, ఇంగ్లండులోని సాంగర్ కేంద్రం. ప్రభుత్వ ప్రాజెక్టుకు నాయకుడైన ఫ్రాన్సిస్ కాలిన్స్ వారం వారం ఫోన్లో వాళ్లందరినీ కూడగట్టి లెక్కలడిగేవారు. మొత్తం ఆరు దేశాల్లో 20 కేంద్రాలు పాల్గొన్నాయి. ఆలస్యంగా చేరిన చైనా వాటా ఒక్క శాతం. చదివిన ముక్కలను వరుసలో పేర్చే ప్రోగ్రామును 2000లో శాంటా క్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జిమ్ కెంట్ అనే విద్యార్థి దాదాపు నెల రోజుల్లో రాసిచ్చాడు. ముక్కలన్నీ అందరి ముందూ ఉండబట్టే అతను ఆ పని చేయగలిగాడు.

డేటా ఇచ్చేవాడి బాధ అప్పటికీ తీరలేదు. 2003 జనవరిలో అమెరికాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో జరిగిన సమావేశం బాధ్యతను మూడు పాళ్లు చేసింది. డబ్బిచ్చేవారు ఈ పనిని నిలబెట్టాలి, డేటా తయారుచేసేవారు వెంటనే ఇవ్వాలి, వాడుకునేవారు తయారుచేసినవారి హక్కును గౌరవించాలి.

ఈ మూడు పాళ్లలోనూ రక్తం ఇచ్చిన మనిషికి చోటు లేదు. ఆ లోటు ఎంత ఖరీదైనదో హవసుపాయి ఉదంతం చెబుతుంది. గ్రాండ్ కాన్యన్‌లో నివసించే ఈ ఆదివాసులు 1990ల మొదట్లో మధుమేహ పరిశోధన కోసమని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయానికి రక్తం ఇచ్చారు. ఆ నమూనాలను స్కిజోఫ్రేనియా మీద, వాళ్ల పూర్వీకుల వలసల మీద అధ్యయనాలకూ వాడారు. సమ్మతి పత్రంలో మాటలు విశాలంగానే ఉన్నాయి, ప్రజలకు అర్థమైంది మాత్రం మధుమేహమే. 2010లో 7 లక్షల డాలర్ల పరిహారంతో రాజీ కుదిరింది, నమూనాలు తిరిగి ఇచ్చారు. సంతకం ఉంది కదా అనుకునే పొత్తు నిలవదు.

ఈ చరిత్రలో మన ప్రస్తావనా ఉంది. 2008లో మొదలైన వెయ్యి జీనోముల ప్రాజెక్టు 2015 నాటికి 26 జనసమూహాల నుంచి 2,504 మంది జీనోములను వెల్లడించింది. అందులో ఒక సమూహం బ్రిటన్‌లోని తెలుగువాళ్లు, 102 మంది. వ్యాధి జన్యువుల కోసం వెతికేవాళ్లు ప్రపంచంలో ఎక్కడున్నా ఆ వివరాలను ఉచితంగా చూడగలరు.

దేశంలోకి వస్తే, వరి జీనోమ్‌ను పది దేశాలు పంచుకున్నాయి. మనకు 11వ క్రోమోజోములో భాగం దక్కింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం, భారత వ్యవసాయ పరిశోధన సంస్థ కలిసి దాన్ని చేశాయి, 2005లో ఫలితం వచ్చింది. కంది విషయంలో అలా జరగలేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నాయకత్వంలో ఒక అంతర్జాతీయ బృందం, భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) శాస్త్రవేత్తల నాయకత్వంలో మరో బృందం, దాదాపు ఒకే కాలంలో ‘ఆశ’ అనే ఒకే రకాన్ని వేర్వేరుగా చదివాయి. రెండు పనులూ మంచివే, కానీ కలిసి చేసి ఉంటే ఒకరి ఖర్చు మరో పంటకు దక్కి ఉండేది. తర్వాత, మన దేశ ప్రజల జీనోములను చదివే జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో 20 సంస్థలు కలిశాయి. హైదరాబాదు సీసీఎంబీ వాటిలో ఒకటి. 10,000 మంది జీనోములు పూర్తయ్యాయి.

ఈ చరిత్రంతా చూశాక నా నిర్ధారణ ఇది. యంత్రాలు చౌకవుతాయి, పొత్తు చౌక కాదు. అయినా మన విశ్వవిద్యాలయాలు ఆ భారాన్ని పాఠాలతోనే తీరికలేని ఒక ఆచార్యుడి మీద అదనపు పనిగా వేస్తున్నాయి. ప్రమోషన్ల లెక్కలో దానికి విలువ లేదు. పాలకవర్గం వారికి నా విన్నపం మూడు మాటలు. ఉమ్మడి పరిశోధనల బాధ్యతకు ప్రత్యేక పదవి ఇవ్వండి. ఆచార్యుడితో సమానమైన హోదా ఇవ్వండి. సమ్మతి సరిగా లేని నమూనాను, వంతు తేలని పనిని ఆపే అధికారం ఇవ్వండి. మూడోది లేకపోతే మొదటి రెండూ వృథా.