దారి యెవరిది?



లెక్కలు వ్రాయుట నా వృత్తి. పురాణములు చదువుకొనుట నా అభిరుచి. నేడు నేను విన్నవింపదలచిన విషయమునకు ఈ రెండును పనికివచ్చును. నడువలేని మనిషి కొఱకు ఇంటిముందు కట్టిన వాలుబాట వీధిలోనికి చొచ్చుకొనివచ్చినచో, పంచాయతి దానిని తొలగింపవలెనా, ఉండనీయవలెనా?

మహాభారతమున అరణ్యపర్వమునందు అష్టావక్రుని కథ కలదు. శరీరమున ఎనిమిది వంకరలు గల ఆ బాలుడు జనకుని యజ్ఞమునకు పోవుచు త్రోవలో రాజునకే ఎదురుపడెను. దారి యెవరిదన్న ప్రశ్న పుట్టగా అతడు చెప్పిన వరుసలో గ్రుడ్డివాడు, చెవిటివాడు, స్త్రీ, బరువు మోయువాడు ముందు వచ్చిరి. రాజు వారి తరువాతనే వచ్చెను. జనకుడు కోపింపక త్రోవ విడిచెను.

మన కాలపు శాసనమును చూతము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, మితిమీరిన భారము కానంతవరకు వారికి తగిన సర్దుబాటు కల్పింపవలెనని చెప్పుచున్నది. ప్రవేశ సౌకర్యములు కేవలము సలహాలుగా మిగులరాదనియు, తప్పనిసరి నియమములు చేయవలెననియు 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఐదు దినముల పిమ్మట, నవంబరు 13న, ముందుగా నోటీసును, 15 దినముల గడువును ఇయ్యక కట్టడములను కూల్చరాదని అదే కోర్టు ఆదేశించినది. అయితే రహదారి, వీధి, కాలిబాటలపైని అనధికార కట్టడములకు ఆ రక్షణ వర్తింపదనియు చెప్పినది. కనుక వాలుబాట అన్నంత మాత్రమున వీధి మనది కాజాలదు.

వీధిలో పొడుచుకొనివచ్చిన రాయి చేతికఱ్ఱతో నడచు అంధునకు అపాయము. ఒకని సౌకర్యము మఱియొకని కాలికి తగులరాదు గదా!

ఇక లెక్క. అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల వాలు కావలెను. గడప అడుగున్నర ఎత్తున్నచో పదునెనిమిది అడుగులు. దానిని వీధికి అడ్డముగా కట్టినచో దారియే మూసికొనిపోవును. గోడవెంబడి నాలుగడుగుల వెడల్పున త్రిప్పినచో, పదునాఱడుగుల వీధిలో ఇంకను పండ్రెండడుగులు మిగులును. ఇంటి ఆవరణలోనే చోటున్నచో వీధిని ముట్టనే అక్కఱలేదు.

కావున పంచాయతి పెద్దలు పలుగు ఎత్తక ముందు నాలుగు సంగతులు విచారింపవలెను. ఆ యింట ఎవరికి అవసరము? వీధికి ఎంత నష్టము? వేఱు మార్గము కలదా? అది కట్టుకొనువఱకు ఆ మనిషి గడప దాటుట యెట్లు? జవాబులను కారణములతో కాగితముపై వ్రాయవలెను. అన్నియు విచారించిన పిదప తొలగింపవలసివచ్చినచో తొలగింపుడు. అది అన్యాయము కాదు. విచారింపకయే తొలగించుట అన్యాయము. వికలాంగుని పేరు చెప్పి అంగడి అరుగు పెంచుకొనువారిని మాత్రము ఉపేక్షింపనక్కఱలేదు.

ఈ ధర్మము మనకును వర్తించును. ప్రజలు వచ్చు భవనము, గుడియైనను, గ్రంథాలయమైనను, ఆ చట్టము పరిధిలోనిదే. కృష్ణలో స్నానమాడి నరసింహస్వామిని సేవింప వేదాద్రికి వచ్చు వృద్ధులు ఎందఱో మీరెఱుగుదురు. మన పఠనమందిరపు మెట్ల ప్రక్కను, మన స్థలములోనే, ఒక వాలుబాట కట్టింపవలెనని కార్యవర్గమును కోరుచున్నాను. చక్రముల కుర్చీలో వచ్చు పాఠకుడు బయటనే ఆగిపోయినచో, లోపలి గ్రంథములు అతనికి లేనట్లే.