టోకెను నంబరు 31
(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డాక్టరుగారి దగ్గర అపాయింట్‌మెంటు కోసం మనం పడే పాట్ల గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను వైద్యుణ్ణి కాను, వక్తను అంతకన్నా కాను. రెవెన్యూ శాఖలో 34 ఏళ్ళు గుమాస్తాగిరీ వెలగబెట్టి 2008లో రిటైరైనవాణ్ణి. ఇన్‌వార్డు నంబరు పడనిదే ఏ కాగితమూ కదలదని నమ్మినవాణ్ణి. ఆ నమ్మకం వల్ల నాకు జరిగింది మనవి చేసుకుంటాను.

మా పేటలో డాక్టరుగారి టోకెను దొరకడం ఎంత పనో మీకు తెలియనిది కాదు. పొద్దున్న ఏడింటికి ఫోను చేయాలి. చేస్తే ఎంగేజు. లైను కలిసేసరికి "నలభై అయిపోయాయండీ, రేపు చేయండి" అంటాడు కాంపౌండరు కుర్రాడు. ఇప్పుడు వాట్సాప్‌లో పెట్టమంటున్నారు. మనలో చాలామందికి ఆ అక్షరాలు కంటికి ఆనవు. బెంగుళూరులో ఉన్న మనవడు నొక్కితే గాని ఇక్కడ తాతగారికి టోకెను రాదు. ఆరింటికి రమ్మంటే పిలుపు తొమ్మిదింటికి. షుగరు ఉన్నవాళ్ళు అంతసేపు ఏమీ తినకుండా కూర్చుంటే కళ్ళు తిరగవా?

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. డాక్టరుగారు ఒక్కరు, రోగులు వందమంది. పైగా "రేపు రండి" అనే మాట నా నోట ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. అడంగలు నకలు కోసం వచ్చిన ముసలివాళ్ళు తాలూకా కచేరీ అరుగు మీద పొద్దుగూకేదాకా కూర్చునేవారు. ఇప్పుడు ఆ బల్ల మీద నేను కూర్చున్నాను.

పోయిన ఏడాది కార్తీకమాసంలో ఒకనాడు ఉదయం ఏడింటికి మా ఆవిడ చేతిలోంచి కాఫీ గ్లాసు జారిపోయింది. కుడిచెయ్యి తిమ్మిరిగా ఉందంది. మాట ముద్దగా వచ్చింది. నేను చేసిందేమిటి? టోకెను కోసం ఫోను చేశాను. 31వ నంబరు దొరికింది. ఏదో ఘనకార్యం సాధించినట్టు సంతోషించాను కూడా. ఆవిణ్ణి సాయంత్రం దాకా పడుకోబెట్టాను.

రాత్రి ఎనిమిదిన్నరకు డాక్టరుగారు చూసి, "ఇది పక్షవాతమండీ! పొద్దున్నే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాల్సింది. ఇంతసేపు ఎందుకాగారు?" అన్నారు. "టోకెను దొరికింది కదండీ" అన్నాను. అంతకన్నా తెలివితక్కువ జవాబు నా సర్వీసులో ఎప్పుడూ చెప్పి ఉండను.

తరువాత పెద్దాసుపత్రిలో చెప్పారు. మెదడులో రక్తం గడ్డ కట్టిన పక్షవాతమైతే, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపు స్కాను తీసి, గడ్డను కరిగించే ఇంజక్షను ఇవ్వడానికి వీలుంటుందట. మేము వెళ్ళేసరికి పదమూడు గంటలు దాటింది. ఈనాటికీ ఆవిడ కుడిచెయ్యి పైకి లేవదు. జడ నేనే వేస్తున్నాను. వంకరగానే వస్తుంది. ఆవిడ ఏమీ అనదు.

అందుచేత మీకు మూడు విన్నపాలు.

ఒకటి: మూతి వంకరపోయినా, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పినా, మాట తడబడినా, గుండెలో నొప్పి వచ్చి చెమటలు పట్టినా టోకెను మాట తలపెట్టకండి. 108కి ఫోను చేయండి. 2005లో మన రాష్ట్రంలో మొదలైన సేవ అది, పైసా ఖర్చు లేదు. లక్షణాలు ఎన్నింటికి మొదలయ్యాయో గుర్తుపెట్టుకుని చెప్పండి.

రెండు: బి.పి., షుగరు చూపించుకోవడానికి టోకెను తీసుకోవలసిందే. వాడే మందుల చీటీ, పాత రిపోర్టులు, తినడానికి ఏదైనా సంచిలో పెట్టుకోండి. మీ నంబరు సుమారు ఎన్నింటికి వస్తుందో ముందే అడగండి.

మూడు: పిల్లలు దూరాన ఉండి, ఒంటరిగా ఉంటున్న సభ్యులకు టోకెన్లు తీసిపెట్టడానికి మన సంఘం తరఫున ఇద్దరిని నియమించాలి. డెబ్బై దాటినవారికి రోజూ కొన్ని టోకెన్లు విడిగా ఉంచమని మన సంఘం వెళ్ళి డాక్టర్లను అడగాలి. అడిగితే తప్పు లేదు. మన దగ్గరకు వచ్చినవారు అడగలేదా?

ఇన్‌వార్డు నంబరు కాగితానికి కావాలి గాని ప్రాణానికి అక్కర్లేదు. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మీకు సకాలంలో తెలియాలని చెప్పాను.