వర్తకమున యంత్రలేఖల వినిమయము



చిట్టా, ఆవర్జా, బీజకము అను మాటలు మన కులమువారికి ఉగ్గుపాలతో నబ్బినవి. కావుననే, ఒక సంస్థ కంప్యూటరునుండి మరియొక సంస్థ కంప్యూటరునకు కాగితము లేకయే ఆర్డరులును బీజకములును పోవు పద్ధతినిగూర్చి ఈ సభలో ముచ్చటింపదలచితిమి. దీనిని ఎలక్ట్రానిక్ డేటా ఇంటర్‌ఛేంజి యందురు.

ఇది అంగడిలో బుట్టినది కాదు. దిగ్బంధమున జిక్కిన నగరమున బుట్టినది. 1948 జూన్ మాసమున సోవియట్లు పశ్చిమ బెర్లినునకు రోడ్డు, రైలు, జలమార్గములను మూసివైచిరి. అమెరికా, బ్రిటన్ మున్నగు దేశములవారు బొగ్గును, పిండిని విమానములమీద మోయవలసివచ్చెను. 1949 సెప్టెంబరులోపల ఇరువది లక్షల టన్నులకు మించిన సరకు అట్లు చేరెను. సరకు వచ్చుచునే యున్నది గాని, దాని జాబితాలు వేర్వేరు భాషలలో, వేర్వేరు తీరుల నుండుటచే లెక్క యెవరికిని తేలదయ్యెను. అప్పుడు అమెరికా సైన్యమునకు జెందిన ఎడ్వర్డ్ గిల్బర్టును, అతని సహచరులును, టెలెక్సు మీదగాని టెలిఫోను మీదగాని పంపదగిన ఒకే తీరు జాబితాను సిద్ధపరచిరి.

ఇందలి మర్మమును గమనింపుడు. తంతియు టెలిఫోనును అదివరకే యున్నవి. క్రొత్తగా వచ్చినది యంత్రము కాదు, ఒడంబడిక. ఏ వరుసలో నేమి వ్రాయవలెనో ముందే నిర్ణయించుకొనిరి.

పిదప గిల్బర్టు డ్యూపాంట్ కంపెనీలో చేరి, 1960 తరువాతి సంవత్సరములలో సరకు రవాణాదారులతో నిట్టి సందేశములనే నడపెను. 1968లో అమెరికా రవాణాసంస్థలు సంఘముగా నేర్పడి, 1975లో తొలి ప్రమాణములను ప్రకటించినవి. 1979లో ఎక్స్ 12 సంఘమును, 1987లో ఐక్యరాజ్యసమితివారి ఎడిఫాక్టును వచ్చినవి.

ఎక్స్ 12లో 850 అనిన కొనుగోలు ఆర్డరు. 856 అనిన సరకు బయలుదేరినదను కబురు. 810 అనిన బీజకము. 997 అనిన పత్రము ముట్టినదను రసీదు. ఆర్డరులోని సరకు పంక్తిలో మొదట వరుస సంఖ్య, పిమ్మట పరిమాణము, ఆపై కొలత, ఆపై ధర యుండును. నడుమ చుక్కగుర్తు లుండును. 100 అను అంకె రెండవచోట నున్న నూరు వస్తువులు, నాల్గవచోట నున్న నూరు డాలర్లు! చిట్టాలో జమగడి, ఖర్చుగడి యెరిగినవారి కిది వింత గాదు. ఒక్క గడి తప్పినచో ఆవలి యంత్రము దానిని త్రోసిపుచ్చును. గుమాస్తావలె ఊహించి సరిదిద్దుకొనదు.

ఇదంతయు అమెరికా వారి ముచ్చట యని తలపకుడు. మన దేశమున జి.ఎస్.టి. ఈ-ఇన్వాయిసు ఇట్టి నిర్ణీతరూపముననే ప్రభుత్వ పోర్టలునకు బోవలెను. 2020 అక్టోబరులో అయిదువందల కోట్లు దాటిన వ్యాపారులతో మొదలై, 2023 ఆగస్టునాటికి అయిదు కోట్లు దాటినవారి వరకు దిగివచ్చినది. పెద్దసంస్థలు దీనికై నౌకరులను పెట్టుకొనగలవు. మనలోని చిన్న వ్యాపారి యేమి చేయును? రుసుమిచ్చి పరులచే నింపించుకొనును. తన ఖాతాదారు లెవరో, తన ధర యెంతో, వారి కప్పగించును. మన తాతలు పద్దు పుస్తకమును పెట్టెలో బెట్టి తాళము వేసినవారు!

కనుక పోషకులకు మా విన్నపము: విద్యార్థి వసతిగృహములలో వేసవిని ఒక నెల ఈ విద్య గరపు తరగతి పెట్టింపుడు. ఆడపిల్లలను గూడ చేర్చుకొనుడు. అనేక గృహములలో లెక్కలు చూచువారు వారే. ఉపాధ్యాయుని జీతమునకును, నాలుగు కంప్యూటర్లకును విరాళము లిచ్చువారి పేర్లను ఈ సాయంత్రమే కార్యదర్శిగారు వ్రాసికొందురు.