గోడమీది జింకతల

కృష్ణా డెల్టాలోని కొన్ని పాత లోగిళ్లలో పూర్వులు వేటాడిన జింకల తలలు నేటికిని గోడలపై కానవచ్చును. వానిని మనమెట్లు కాపాడవలెనో చూతము.

దుప్పి కొమ్ము ఎముక. ఏటేట రాలి మరల మొలచును. మగ కృష్ణజింకయగు ఇఱ్ఱికి ఎముకపై గోరువంటి తొడుగుండును, అది రాలదు.

నాడు దుప్పితలను కొమ్ములు మునుగకుండ సన్నని సెగపై కాచి, మాంసము గీచి, మెదడు తీసి, నీడను ఆరబెట్టెడివారు. కళపెళ కాగనిచ్చినచో ఎముకల అతుకులు వదలును. ఇఱ్ఱితలను నానబెట్టి, తొడుగు ఊడదీసి, లోపల శుభ్రపరచి, మరల తొడిగెడివారు.

ఆ తొడుగును పురుగు తొలుచును. కనుక చెమ్మగోడకు తగిలింపక, మెత్తని కుంచెతో దుమ్ము దులుపుచుండవలెను.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దాని 1991 సవరణల పిమ్మట వినోదపు వేట నిషిద్ధము. వారసత్వపు తలకును యాజమాన్య ధ్రువపత్రము వలయును, అమ్మరాదు. కొత్త తల గోడకెక్కరాదు. ఉన్నదానిని మనము చెడనీయరాదు.