ఇరవై రెండేళ్ల వయసు నాటి కాగితం



మీరు పట్టా పుచ్చుకునే పూట ముసలితనం గురించి మాట్లాడతానని ముందే తెలిస్తే నన్ను పిలిచేవారు కారేమో. నేను నరాల డాక్టర్ని. మతిమరుపు జబ్బుతో వచ్చేవాళ్లను చూడడమే నా పని. ఆ జబ్బు డెబ్బైలో బయటపడుతుంది గానీ, దాని జమాఖర్చులు మీ వయసులోనే మొదలవుతాయి.

అమెరికాలో 678 మంది క్రైస్తవ సన్యాసినులు, ముసలితనంలో జ్ఞాపకశక్తి పరీక్షలు చేయించుకోవడానికీ, పోయాక తమ మెదళ్లను పరిశోధనకు ఇవ్వడానికీ ఒప్పుకున్నారు. ఆ పని నడిపిన డేవిడ్ స్నోడన్‌కు మఠం దస్తావేజుల్లో పాత కాగితాలు దొరికాయి. సగటున 22 ఏళ్ల వయసులో వాళ్లలో కొందరు సొంత దస్తూరీతో రాసుకున్న తమ కథలు. కొందరివి పొడిపొడి మాటలు, కొందరి వాక్యాల్లో ఆలోచనలు కిక్కిరిసి ఉన్నాయి. సుమారు అరవై ఏళ్ల తర్వాత చూస్తే, పొడిపొడిగా రాసినవాళ్లలోనే మతి తప్పినవాళ్లు ఎక్కువ. రాయడం వల్ల మెదడు గట్టిపడిందా, గట్టి మెదడే అలా రాయించిందా అంటే చెప్పలేం. అయినా ఆ కాగితాలు నన్ను వదలవు.

ఆ సన్యాసినుల్లోనే సిస్టర్ మేరీ అనే ఆవిడ 101 ఏళ్లు బతికారు. పరీక్షల్లో మంచి మార్కులే. పోయాక మెదడు చూస్తే అల్జీమర్స్ మచ్చలు బోలెడు! గాదెలో గింజలున్న ఇంట్లో ఒక పంట పోయినా పొయ్యి వెలుగుతుంది కదా, అలాగన్నమాట.

మెదడు అనే ఈ గాదె నింపడానికి అమెరికా వెళ్లక్కర్లేదు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి, 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒక్క భాషే వచ్చినవాళ్ల కంటే, ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ అన్నట్టు రెండు భాషల్లో బతికినవాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి మొహం చూడనివాళ్లకు కూడా. నా దగ్గరున్న ఏ మందూ అంత గడువు ఇవ్వదు. కాబట్టి పిల్లలు పుట్టాక ఇంట్లో తెలుగు మానేయాలని ఇప్పటికే అనుకుంటున్నవాళ్లు మరోసారి ఆలోచించండి.

ఇక తిండి. ఫలానా గింజ నానబెట్టి తింటే జ్ఞాపకశక్తి పెరుగుతుందట కదండీ అని రోజూ ఎవరో ఒకరు వాట్సాప్ చూపిస్తారు. ఆకుకూరలు, గింజలు, చేపలు, ముడి ధాన్యం ఎక్కువగా ఉండే మైండ్ డైట్‌ను ఏళ్ల తరబడి తిన్నవాళ్లలో మతిమరుపు తక్కువగానే కనిపించింది. తీరా పెద్దవాళ్లతో మూడేళ్లు తినిపించి చూసిన పరీక్షలో, మామూలు తిండే కాస్త తగ్గించి తిన్నవాళ్లకూ వీళ్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ ఫలితం 2023లో వచ్చింది. మూడేళ్ల పథ్యం చాలదు, నలభై ఏళ్ల అలవాటు కావాలని నా అనుమానం. మన కంచంలో నాకు భయం ఉప్పంటేనే. ఆవకాయలో ఉప్పు, అప్పడంలో ఉప్పు, చివరికి మజ్జిగన్నంలోనూ చిటికెడు. దాంతో పెరిగే బీపీ నలభైల్లో నొప్పి పెట్టదు, కేక వేయదు. మెదడులోని సన్నటి రక్తనాళాలను మాత్రం పాడు చేస్తూ పోతుంది.

ఒకసారి రిటైరైన లెక్కల మాస్టారిని కొడుకు వెంటబెట్టుకొచ్చాడు. "నాన్నకి ఏం చెప్పినా గుర్తుండట్లేదండీ" అన్నాడు. నేను స్కానింగు రాసి పంపేశాను. రెండోసారి వచ్చినప్పుడు ఎందుకో ఆయన వెనక్కి వెళ్లి, "మాస్టారూ" అని మెల్లగా పిలిచాను. ఉలకలేదు, పలకలేదు. ముందుకొచ్చి గట్టిగా పదిహేడో ఎక్కం అడిగితే గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పారు. వినపడని మాట గుర్తుండేదెలా? మొదటిసారే ఆ పని చేయనందుకు నాకిప్పటికీ సిగ్గే. అలాగని చెవుడును తేలిగ్గా తీసుకోకూడదు, పట్టించుకోకపోతే అదీ మతిమరుపుకు దారి తీయొచ్చు.

మతిమరుపుకు మనం సరిదిద్దుకోగల కారణాలు 14 అని 2024లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ లెక్కగట్టింది. అవన్నీ లేకుండా చేయగలిగితే సుమారు 45 శాతం కేసులు తప్పుతాయి, లేదా వాయిదా పడతాయి. చెవుడు, బీపీ, షుగరు, సిగరెట్టు, కదలకుండా కూర్చోవడం, ఒంటరితనం అందులో ఉన్నాయి. తలకు దెబ్బ తగలడం కూడా ఉంది.

ఇందాక లోపలికొస్తూ మీ పార్కింగ్ చూశాను. సగం బళ్లకు హెల్మెట్లు అద్దానికి వేలాడుతున్నాయి. ఫొటోలయ్యాక ఈ పట్టా టోపీలు తీసేసి, ఆ హెల్మెట్లు పెట్టుకుని ఇంటికి వెళ్లండి.