పొలము మన్ను పోకుండ ఇల్లు కట్టుకొను విధము

(రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)

 

పైరుపచ్చల సంగతి చెప్పవలసినవారికి ఇండ్ల కట్టుబడితో పని ఏమని మీలో కొందరికి సందేహము కలుగవచ్చును. ఇల్లు కట్టు సంగతి తాపీ మేస్త్రీ చెప్పవలసినదే గదా! కాని గోడకు ఇటుక కావలెను, ఇటుకకు మన్ను కావలెను. ఆ మన్ను చాల చోట్ల మన పొలముల పైపొర నుండియే పోవుచున్నది. కనుక ఈ విషయము మేస్త్రీకి ఎంత సంబంధించినదో రైతుకును అంతే సంబంధించినది. పొలము మన్ను పోగొట్టుకొనకుండ గట్టి ఇల్లు కట్టుకొనుటకు నేడు మంచి పద్ధతులు వచ్చినవి. వాటిని గురించి నాలుగు మాటలు మనవి చేసెదను.

పైమట్టి విలువ ఎంత?

ఇటుక బట్టీవారు వచ్చి అడుగు లోతు మన్ను అడుగుదురు. ఇల్లు కట్టుకొనుటకో, పిల్ల పెండ్లికో డబ్బు అవసరమైన రైతు సరేనని ఒప్పుకొనును. భూమి తనదిగానే ఉండును, సరిహద్దులు మారవు, పట్టా మారదు. అందుచేత నష్టమేమియు లేదని తోచును. కాని ఒక చిన్న లెక్క వేసి చూడుడు.

ఒక ఎకరములో నాగలి తిరుగు ఆరు అంగుళముల మన్ను సుమారు తొమ్మిది లక్షల కిలోల బరువుండును. ఆ మన్నులో సేంద్రియ కర్బనము నూటికి అర పాలు మాత్రమే ఉన్నదనుకొందము. అనగా 4,500 కిలోలు. కర్బనములో పన్నెండవ వంతు నత్రజని ఉండునని లెక్కించినచో 375 కిలోల నత్రజని ఆ పొరలో దాగియున్నది. ఇది 45 కిలోల యూరియా బస్తాలు పద్దెనిమిదింటితో సమానము. ఈ నత్రజని యావత్తు ఒక్క ఏట పైరుకు అందదు. కొంచెము కొంచెముగ ఏటేటా అందును. అది బ్యాంకులో వేసిన అసలు వంటిది. మనము తినునది వడ్డీ మాత్రమే. మన్ను అమ్మినవాడు అసలునే అమ్ముకొన్నవాడగును.

నత్రజని సంగతి అటుంచుడు. భాస్వరము, జింకు, మన్నును గుల్లపరచు సూక్ష్మజీవులు, వానపాములు, నీటిని పట్టియుంచు గుణము, ఇవన్నియు ఆ పొరతోనే పోవును. ఒక్క అంగుళము మన్ను ప్రకృతిలో తయారగుటకు కొన్ని వందల సంవత్సరములు పట్టును. బట్టీవారి యంత్రము అడుగు మన్నును కొద్ది రోజులలో ఎత్తివేయును.

పొలము మెరక, కాలువ నీరు ఎక్కుట లేదు, అందుకే మన్ను తీయించుచున్నామని కొందరు చెప్పుదురు. ఇది కొట్టివేయదగిన మాట కాదు. అట్టి చోట ముందుగా పై ఆరు అంగుళముల మన్నును తీసి ఒక ప్రక్క కుప్ప వేయించవలెను. తరువాత క్రింది మన్ను కావలసినంత తీయించి, కుప్ప వేసిన పైమట్టిని తిరిగి పొలమంతట సమముగ పరపించవలెను. ఈ షరతు బేరమునకు ముందే కాగితము మీద వ్రాయించుకొనుట మంచిది.

బూడిద ఇటుకలు

మన్ను అమ్మకుండ ఉండుట ఒక ఎత్తు. మన ఇంటికి మనము కొను ఇటుక మరియొకరి పొలము నుండి రాకుండ చూచుట మరియొక ఎత్తు. ఇందుకు పనికివచ్చు వాటిలో మొదటిది బూడిద ఇటుక.

మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ. విద్యుత్కేంద్రములో నూరు కిలోల బొగ్గు కాల్చినచో ముప్పది నలుబది కిలోల బూడిద మిగులును. రామగుండము, కొత్తగూడెము, ఇబ్రహీంపట్నము, ముద్దనూరు, విశాఖపట్నము దగ్గరి సింహాద్రి కేంద్రముల చుట్టుప్రక్కల వారికి ఈ బూడిద చెరువుల సంగతి బాగుగ తెలియును. ఈ బూడిదను వాడుకలోనికి తెచ్చుటకై కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖ 1999 సెప్టెంబరు 14న ఒక ప్రకటన వెలువరించినది. ఇటుకల కొరకు పైమట్టి త్రవ్వుటను అరికట్టుట దాని ఉద్దేశములలో ఒకటి. విద్యుత్కేంద్రమునకు 50 కిలోమీటర్ల లోపల చేయు మట్టి ఇటుకలలో నూటికి 25 పాళ్ల బూడిద కలుపవలెనని అందులో విధించిరి. తరువాత ఆ దూరమును పెంచిరి. 2021 డిసెంబరు 31న దాని స్థానములో క్రొత్త ప్రకటన వచ్చినది.

అసలు మన్నే కలుపని ఇటుకలు కూడ ఉన్నవి. విశాఖపట్నమునకు చెందిన పరిశోధకులు భానుమతీదాస్, కాళిదాస్‌గార్లు బూడిద, సున్నము, జిప్సము కలిపి ఇటుక చేయు పద్ధతిని రూపొందించి దేశమున ప్రచారము చేసిరి. దీనికి ఫాల్-జి అని పేరు. ఇందులోని జిప్సము మీరు వేరుసెనగకు వేయు జిప్సము వంటిదే. బూడిదలోని సిలికా, అల్యూమినా తడిలో సున్నముతో కలిసి సిమెంటు వలె గట్టిపడును. ఈ ఇటుకను కాల్చనక్కరలేదు. కట్టెలు, బొగ్గు అవసరము లేదు. అచ్చు తీసిన తరువాత నీటితో తడుపుట మాత్రము చక్కగ జరుగవలెను. పచ్చి పైరుకు నీటి తడి ఎంత ముఖ్యమో, పచ్చి బూడిద ఇటుకకును అంతే ముఖ్యము.

కొనునప్పుడు పరీక్షించి కొనుడు. ఇటుకను ఎండబెట్టి తూచి, ఇరువది నాలుగు గంటలు నీటిలో నానవేసి మరల తూచవలెను. బరువు నూటికి ఇరువది పాళ్లకు మించి పెరుగరాదు. అనగా మూడు కిలోల ఇటుక మూడు కిలోల ఆరు వందల గ్రాములకు మించరాదు. గోటితో గీచినప్పుడు పొడి రాలునది, అంచులు విరుగునది తీసికొనవద్దు. పెద్ద కట్టుబడియైనచో పరీక్షాశాల పత్రమును అడిగి చూచుడు.

అదిమిన మట్టి ఇటుకలు

విద్యుత్కేంద్రము దూరమై, బూడిద ఇటుకలు అందని చోట ఏమి చేయవలెను? అచ్చట అదిమిన మట్టి ఇటుక పనికివచ్చును. పేరు మట్టి ఇటుకయే అయినను దీనికి పైమట్టి పనికిరాదు. సేంద్రియ పదార్థము ఉన్నచో ఇటుక గట్టిపడదు. రైతుకు కావలసిన మన్ను ఇటుకకు అక్కరలేదు, ఇటుకకు కావలసిన క్రింది మన్నుతో రైతుకు పని లేదు. ఇంతకంటె చక్కని పొత్తు ఏమున్నది?

ఈ పద్ధతికి 1950 దశకములో కొలంబియా దేశపు బొగొటా నగరములో రౌల్ రామిరెజ్ అను చిలీ దేశపు ఇంజనీరు సిన్వా-రామ్ అను చేతి యంత్రమును చేసి బాట వేసెను. మన దేశములో బెంగుళూరు భారత విజ్ఞాన శాస్త్ర సంస్థలో 1974లో గ్రామీణ ప్రాంతముల కొరకు ఏర్పడిన 'అస్త్ర' విభాగమువారు మన నేలలకు తగినట్లు దీనిపై ఎంతో కృషి చేసిరి. పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్‌లోని మట్టి కట్టుబడి సంస్థవారు యంత్రములు తయారు చేయించి, శిక్షణయు ఇచ్చుచున్నారు.

పద్ధతి సులభము. జల్లించిన మన్నులో నూటికి ఐదు నుండి ఎనిమిది పాళ్ల సిమెంటు పొడిగా కలిపి, తగుమాత్రము నీరు చిలికి, యంత్రములో వేసి మీట నొక్కి అదుమవలెను. వచ్చిన ఇటుకలను నీడలో పేర్చి, గోనె పట్టాలు కప్పి, మూడు నాలుగు వారములు తడి ఆరకుండ చూడవలెను. ఇక్కడ తొందరపడినవారే చెడిపోవుదురు.

ఎర్ర నేలలలోని ఇసుకపాలు ఎక్కువగల క్రింది మన్ను దీనికి శ్రేష్ఠము. బంకమన్ను నూటికి పదిహేను పాళ్లు మించకుండిన మేలు. మించినచో ఇసుక గాని, రాతి పొడి గాని కలుపవలెను. నల్లరేగడి మన్ను తడిసినప్పుడు ఉబ్బి, ఆరినప్పుడు బీటలు వారును గనుక ఉన్నది ఉన్నట్లుగ పనికిరాదు. మన్ను తీరు తెలిసికొనుటకు ఒక గాజు సీసాలో మూడవ వంతు మన్ను వేసి, నీరు నింపి, చిటికెడు ఉప్పు వేసి బాగుగ కుదిపి ఉంచుడు. ముందు ఇసుక, దాని మీద ఒండ్రు, చివరకు బంకమన్ను పొరలు పొరలుగ పేరుకొనును. మరునాడు కొలిచిన పాళ్లు సుమారుగ తెలియును.

మన్ను ఎక్కడిదని అడుగుదురేమో. పునాది త్రవ్వినప్పుడు, పొలములో నీటి కుంట త్రవ్వించినప్పుడు క్రింది మన్ను ఎంతో వచ్చును. కుంట పైమట్టిని పొలములో చల్లి, క్రింది మన్నుతో ఇటుక అదిమించినచో ఒకే త్రవ్వకముతో మూడు పనులు నెరవేరును. నేల నుండి రెండడుగుల వరకు రాతి కట్టుబడి చేసి, చూరు బాగుగ ముందుకు దింపినచో వాన జల్లు ఈ గోడలను బాధించదు.

తక్కువ ఇటుకతో గోడ

బట్టీ ఇటుకనే వాడక తప్పని చోట కూడ వాడకము తగ్గించు ఉపాయము కలదు. ఇంగ్లండులో పుట్టి 1945లో మన దేశమునకు వచ్చి కేరళలో స్థిరపడిన లారీ బేకర్ అను వాస్తుశిల్పి దీనికి చాల ప్రచారము కలిగించెను. దీనిని ఎలుక బోను కట్టు అందురు. ఇటుకలను పడుకోబెట్టుటకు బదులు అంచు మీద నిలుపుదురు. ముందు వరుస మూడు అంగుళములు, వెనుక వరుస మూడు అంగుళములు, నడుమ ఖాళీ మూడు అంగుళములు. అక్కడక్కడ అడ్డుగ ఒక ఇటుకను నిలిపి రెండింటిని బంధింతురు. గోడ మందము తొమ్మిది అంగుళములే, కాని ఇటుకలు నూటికి సుమారు ఇరువది ఐదు ఆదా యగును. మామూలు కట్టులో పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు గోడకు సుమారు వేయి ఇటుకలు పట్టినచో, దీనిలో ఏడు వందల ఏబది చాలును. నడుమనున్న గాలి వేడిని లోనికి రానీయదు. అడుగు వరుస, పై వరుస, తలుపుల కిటికీల ప్రక్కలు మాత్రము గుల్ల లేకుండ నిండుగ కట్టించవలెను.

శ్లాబు విషయములోను ఆయన ఇట్టి మార్గమునే అనుసరించెను. శ్లాబు క్రింది సగములో కాంక్రీటు బలము అంతగ ఉపయోగపడదు. ఇనుప కడ్డీల నడుమ ఆ చోటును మంగళూరు పెంకులతో నింపినచో కాంక్రీటు ఆదా యగును, ఇల్లు చల్లగ నుండును. అయితే కడ్డీల లెక్క ఇంజనీరు చేత వేయించవలెనే గాని ఊహ మీద కట్టరాదు.

ఇదివరకే మన్ను పోయిన పొలము

కొందరి పొలములలో మన్ను ఇదివరకే పోయినది. వారు నిరాశ చెందనక్కరలేదు, కాని ఓపిక కావలెను. మొదట భూసార పరీక్ష చేయించవలెను. వేసవిలో చెరువు మట్టిని పరీక్ష చేయించి తోలించుడు. జీలుగ గాని, జనుము గాని వేసి పూత దశలో కలియదున్నుడు. వరుసగ కొన్ని ఏండ్లు పశువుల ఎరువు వేయుడు. క్రింది మన్ను బయటపడిన చోట జింకు లోపము తరచు కనబడును. వరికి ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు దుక్కిలో వేసినచో పైరు తేరుకొనును. జింకు సల్ఫేటును భాస్వరపు ఎరువులతో కలిపి వేయరాదు.

సోదరులారా! ఇల్లు ఒక తరమువారు కట్టుదురు, రెండు మూడు తరములవారు అందు కాపురముందురు. పొలమును మనకు ముందు ఎన్ని తరములవారు దున్నిరో, మన తరువాత ఎన్ని తరములవారు దున్నవలెనో లెక్క లేదు. ఆ ఇంటి కొరకు ఈ పొలమును చెరుపుకొనవలసిన అవసరము నేడు లేదు. మీ ఊరిలో ఈ సంవత్సరము ఇల్లు గాని, పశువుల కొట్టము గాని, గింజల కొట్టు గాని కట్టదలచినవారు, ఇటుకలకు బయానా ఇచ్చుటకు ముందు ఒకసారి మేస్త్రీతో కూర్చుండి ఈ పద్ధతులను చర్చించుడు. కొట్టము గోడ ఒక్కటి ముందుగ కట్టించి ఒక వానకాలము చూచుడు. నచ్చినచో ఇంటికి పూనుకొనవచ్చును. మన్ను బేరమునకు వచ్చినవారితో మాత్రము, పైమట్టి అమ్మకమునకు లేదని మొదటనే చెప్పుడు.