అక్షరాభ్యాసము మరునాటి మాట



గడచిన వసంతపంచమినాడు ఈ పరకాలలోనే మేము అక్షరాభ్యాసము చేయించిన బాలునొకనిని, పక్షము తిరుగకమునుపే తల్లి మా యింటికి తోడ్కొని వచ్చినది. "అయ్యగారూ, పలక ముంగట పెట్టంగనే ఏడుస్తున్నడు. సరస్వతమ్మ దయ రాలేదా?" అని అడిగినది. బాలునికి మూడేండ్లు. బలపము పట్టించి పట్టించి వ్రేలికొన ఎఱ్ఱబడియున్నది.

లోపము అమ్మవారిది కాదు. నాడు మనము చేసినదేమి? శిశువును ఒడిలో కూర్చుండబెట్టితిమి. పళ్ళెరములో బియ్యము పరచి వ్రేలితో వ్రాయించితిమి. వంకర పోయినచో అరచేతితో చదును చేసి మరల వ్రాయించితిమి. అది ఆట కాదా? మరునాడు ఒడి పోయినది, బియ్యము డబ్బాలోనికి పోయినది, పలకయు బెత్తమును మిగిలినవి.

ఈ మాట చెప్పుటకు మాకు అర్హత తక్కువ. మా పెద్దకుమారునికి ఐదవ యేటనే స్తోత్రములు వల్లె వేయించుచు, తప్పినపుడెల్ల తొడపాశము పెట్టితిమి. మా గురువులు మాకట్లే చెప్పిరి గనుక విద్య యన్న అదియే యనుకొంటిమి. వాడు నేటికిని మేము పారాయణమునకు కూర్చున్నచో గది విడిచి పోవును.

గర్భము మొదలుకొని లెక్కించి ఎనిమిదవ యేట ఉపనయనమని శాస్త్రము. అంతకు పూర్వపు కాలము తల్లి ఒడిది. 2020 నాటి జాతీయ విద్యావిధానము కూడ మూడు మొదలు ఎనిమిదేండ్ల వరకు ఆటపాటలతోనే బోధింపుమన్నది. లెక్క సరిగా కలియకున్నను, భావము కలిసినది.

పత్తి ఏరి వచ్చిన తల్లికి తీరిక ఎక్కడిదందురు. వేరే తీరిక అక్కరలేదు. బియ్యము కొలుచునపుడు తవ్వ వానిచేతికిండు. రెండు తవ్వలు పోసిన మానిక నిండునని వాడే కనుగొనును. బతుకమ్మనాడు తంగేడు, గునుగు వేరుచేయుమనుడు. బొడ్డెమ్మకు మన్ను పిసుకనిండు. ఆ మన్ను పిసికిన వ్రేళ్ళకే రేపు బలపము పట్టు బలము వచ్చును. నాలుగైదేండ్ల వానితో ఓనగుంటలాడుడు. పదునాలుగు గుంటలలో చింతగింజలు పంచుచు పోయిన, లెక్క నోటికి దానంతట వచ్చును. అంతకంటె పసివాండ్రకు గింజలీయరాదు, నోటను ముక్కునను పెట్టుకొందురు. ఏదైన అడిగిన పిదప, వాడు జవాబు చెప్పువరకు ఓపిక పట్టుడు. మనలో ఎక్కువమంది జవాబు కూడ తామే చెప్పివేయుదురు.

తండ్రులారా, మీకును చెప్పుచున్నాము. ముద్దకొక బొమ్మ చూపుచు సెల్‌ఫోనుతో అన్నము తినిపించుట ఆట కాదు. రెండేండ్లలోపు వారికి తెర కూడదనియు, ఆపైన నాలుగేండ్ల వరకు దినమునకు గంట మించరాదనియు 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది.

ఆ బాలుని సంగతి. పలకను కొంతకాలము అటకమీద పెట్టుమని తల్లికి చెప్పి, మా అరుగుమీద పళ్ళెరములో బియ్యము పోసితిమి. చాలసేపు చూచి, వ్రేలు పెట్టి గుండ్రముగా త్రిప్పినాడు. తల్లి 'సున్న' అనబోగా మేము వారించితిమి. "చందమామ" అన్నాడు వాడు. మేము దిద్దలేదు.